యుద్ధవేళ మాట మనసును గెలిచే తీరు

ప్రజలను ఒక అభిప్రాయం వైపో, ఒక చర్య వైపో మళ్లించాలని ముందే నిశ్చయించుకొని, అందుకు అనుకూలించే సమాచారాన్ని మాత్రమే ఏరి, పేర్చి, పదేపదే వినిపించే ప్రయత్నాన్ని ప్రచారం అంటారు. విద్యాబోధనలో వినేవారు స్వయంగా తేల్చుకోవడానికి వీలుగా ఆధారాలను ముందు ఉంచితే, ప్రచారంలో తీర్పు ముందే సిద్ధమై ఉంటుంది, ఆధారాలను ఆ తర్వాత వెతుక్కొస్తారు. యుద్ధకాలంలో ఈ ప్రయత్నం ఎంత పెద్ద ఎత్తున సాగుతుందో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ మొదటి ప్రపంచ యుద్ధాన్ని పరిశీలించి 1927లోనే ఒక గ్రంథంలో వివరించాడు. ప్రచారం అంటే అబద్ధాల కుప్ప అనీ, దానికి లోబడేది అమాయకులేననీ సామాన్యంగా అనుకుంటారు గాని, ఆ తర్వాతి పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని బలపరచలేదు. భయం, నమ్మదగిన వార్త లేకపోవడం, నమ్మకమున్న మనిషి నోటి మాట అనే మూడూ ఒకచోట కలిసినప్పుడే ప్రచారానికి పూర్తి బలం వస్తుందనీ, అందులో అబద్ధం పాలు తరచు చాలా తక్కువేననీ అవి తేల్చాయి.

ఈ సూత్రాన్ని పరిశీలించడానికి ఉత్తరాంధ్ర అనువైన ప్రాంతం. నేడు అనకాపల్లి జిల్లాలో, 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం చెరకుకూ బెల్లానికీ పేరుపడ్డ వ్యవసాయ ప్రాంతం. దానికి తూర్పున సముద్రతీరం ఉండగా, మాడుగుల దాటితే మన్యం మొదలవుతుంది. 1922–24 నాటి మన్యం తిరుగుబాటు, 1942లో తీరంపై జపాన్ విమానదాడి, 1971లో విశాఖ రేవు ముందు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునక అనే మూడు ఘట్టాలూ ఈ ఊరికి ఒక రోజు ప్రయాణ దూరంలోనే జరిగాయి. మూడింటిలోనూ పోరును కళ్లారా చూసినవారికంటే దాని గురించి విన్నవారే అనేక రెట్లు ఎక్కువ కాబట్టి, మాట ఎలా పుట్టి ఎలా నమ్మకంగా మారుతుందో తెలుసుకోవడానికి ఈ ఘట్టాలు ఉపకరిస్తాయి.

1942 ఏప్రిల్: వార్త కరువైన చోట

1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యాయి. రంగూన్ పతనం ఉత్తరాంధ్రకు దూరదేశపు వార్త కాదు. విశాఖపట్నం, గోదావరి, గంజాం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కూలీలు అప్పటికి దశాబ్దాలుగా ఓడలెక్కి బర్మా వెళ్లి, రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేస్తూ వచ్చారు. 1941 డిసెంబరులో రంగూన్‌పై బాంబులు పడ్డాక ప్రాణాలు అరచేత పట్టుకొని తిరిగివచ్చినవారు చెప్పిన మాటలు ఏ ప్రభుత్వ ప్రకటనకంటేనైనా బలంగా జనం మనసుల్లో నాటుకున్నాయి. ఆ నేపథ్యంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని దళానికి చెందిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను ఆ దళం ముంచివేసింది. రెండు పట్టణాల్లోనూ ప్రాణనష్టం స్వల్పమే అయినా, భయం మాత్రం పట్టణాల హద్దులు దాటి చాలా దూరం వెళ్లింది. విశాఖ వాసులు పెద్దసంఖ్యలో లోపలి గ్రామాలకు తరలిపోయారు, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని యుద్ధం ముగిసేదాకా గుంటూరుకు మార్చారు.

అప్పటికి ఒక్క బాంబు కూడా పడని మద్రాసులో గందరగోళం మరింత తీవ్రంగా ఉండడం ఇక్కడ గమనించవలసిన విషయం. జపాన్ నౌకాదళం మద్రాసు వైపు వస్తున్నదన్న పొరపాటు సమాచారాన్ని ప్రభుత్వమే నమ్మి, కార్యాలయాలను లోపలి పట్టణాలకు తరలించి, అత్యవసరమైన పని లేనివారంతా నగరం విడిచి వెళ్లాలని చెప్పడంతో లక్షలాది జనం రైళ్ల మీద, బండ్ల మీద, కాలినడకన ఖాళీ చేశారు. మద్రాసుపై జపాన్ విమానం బాంబులు వేసింది ఆ తర్వాత ఏడాదిన్నరకు, 1943 అక్టోబరులో మాత్రమే. దాడి జరిగిన ఊరికంటే జరగని ఊరు ఎక్కువగా బెదిరిపోవడం వింతగా తోచినా, దానికి కారణం మనస్తత్వ శాస్త్రంలో ఉంది.

వార్తా మార్గాల స్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాటి ప్రధాన తెలుగు దినపత్రికలైన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ మద్రాసు నుంచే వెలువడేవి. విశాఖలో ఏం జరిగిందో చోడవరంలో అచ్చు అక్షరాల్లో చదవాలంటే, ఆ వార్త ముందు మద్రాసు చేరి, భారత రక్షణ చట్టం కింద అమలైన సెన్సారు దాటుకొని, రైలులో అనకాపల్లికి తిరిగివచ్చి, అక్కడి నుంచి రైలు మార్గమే లేని లోపలి ఊళ్లకు చేరాలి. 1941 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యత దాదాపు 16 శాతమే కాగా, రేడియో పెట్టెలు సంపన్నుల ఇళ్లకే పరిమితం. ఈ పరిస్థితుల్లో అనకాపల్లి స్టేషనులో దిగిన ప్రయాణికుడి మాటే జనానికి దినపత్రిక అయింది.

పుకారుకు ఒక లెక్క

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ రెండో ప్రపంచ యుద్ధకాలపు వదంతులను పరిశీలించి, 1947లో ఒక చిన్న సూత్రాన్ని ప్రతిపాదించారు. విషయం వినేవారి జీవితానికి ఎంత ముఖ్యమో, దాని గురించిన సమాచారం ఎంత అస్పష్టమో, ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే పుకారు బలం అని దాని సారాంశం. రెండింటినీ కూడకుండా గుణించడంలోనే దీని అంతరార్థం ఉంది. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే అవుతుంది గనుక, ప్రాణాపాయమంత ముఖ్యమైన విషయంలో కూడా స్పష్టమైన సమాచారం సకాలంలో అందితే పుకారుకు చోటుండదు. యుద్ధకాల ప్రభుత్వాలు శత్రువుకు తెలియకూడదన్న జాగ్రత్తతో మౌనం వహించినప్పుడు, ఆ మౌనమే అస్పష్టతను పెంచి పుకారుకు బలమిస్తుంది.

నోటి నుంచి నోటికి పాకుతున్నప్పుడు మాటలో వచ్చే మార్పులను కూడా ఈ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూశారు. ఒక చిత్రంలోని వివరాలను ఒకరు మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి చెబుతూ పోతే, అయిదారు నోళ్లు మారేసరికి దాదాపు 70 శాతం వివరాలు రాలిపోయాయి. మిగిలిన కొద్ది వివరాలు పదునెక్కాయి, వినేవారి పూర్వాభిప్రాయాలకు తగినట్టు రూపు మార్చుకున్నాయి. చెప్పేవారిలో ఒక్కరికీ మోసపుచ్చే ఉద్దేశం లేకపోయినా ఈ మార్పు జరగడం గమనార్హం.

మద్రాసు భయాన్ని వివరించే ఆధారం ఇంకా ముందే, భారతదేశంలోనే, దొరికింది. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపం తర్వాత వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ అనే భారతీయ పరిశోధకుడు సేకరించి, మరుసటి ఏడాది ఒక బ్రిటిష్ మనస్తత్వశాస్త్ర పత్రికలో ప్రకటించాడు. భూమి కంపించినా నష్టం జరగని ప్రాంతాల్లో, ఊరట కలిగించే మాటలకు బదులు, ఇంతకంటే ఘోరమైన విపత్తు రాబోతున్నదన్న వదంతులే విస్తారంగా పాకాయని ఆ అధ్యయనం చూపింది. ఆ తర్వాత దుర్గానంద సిన్హా డార్జిలింగు ప్రాంతంలో కొండచరియలు విరిగిపడిన ఘటనను పరిశీలించినప్పుడు, నష్టాన్ని కళ్లారా చూసినవారిలో అలాంటి అతిశయోక్తులు కనిపించలేదు. ఈ రెండింటినీ కలిపి చూసిన లియోన్ ఫెస్టింగర్ 1957లో ఒక వివరణ ఇచ్చాడు. శరీరం భయపడి ఉంది, కంటికి మాత్రం భయపడవలసినదేదీ కనిపించడం లేదు. ఈ రెంటికీ పొత్తు కుదరక మనసులో కలిగే ఇబ్బందిని తొలగించుకోవడానికి, భయానికి తగిన కారణాన్ని మనిషి వెతుక్కుంటాడు. ఆ కారణాన్ని అందించే మాట ఎక్కడి నుంచి వచ్చినా స్వాగతం పొందుతుంది. పుకారు మనిషిని భయపెడుతుందన్నది సగం నిజం మాత్రమే. అప్పటికే ఉన్న భయానికి అది సమర్థన కూడా అవుతుంది.

యుద్ధకాల వదంతులన్నీ శత్రువు గురించినవే అనుకుంటే అదీ పొరపాటే. 1942లో అమెరికాలో వెయ్యికి పైగా వదంతులను వర్గీకరించిన రాబర్ట్ నాప్, వాటిలో భయం పుట్టించేవి దాదాపు నాలుగో వంతు, ఆశ కలిగించేవి అతి స్వల్పం కాగా, మూడింట రెండు వంతులు సొంత దేశంలోని ఏదో ఒక వర్గంపై ద్వేషం రేపేవేనని గుర్తించాడు. శత్రువు ఎక్కడో ఉన్నప్పుడు, ఆ కోపం చేతికందే పొరుగువాడి మీదికి మళ్లుతుందన్నమాట.

ఎవరు చెప్పారన్నదే ముఖ్యం

అస్పష్టత ఉన్నప్పుడు జనం మాట కోసం వెతుకుతారు, అయితే అందరి మాటా వినరు. 1942 మార్చిలో సుభాష్ చంద్రబోస్ విమాన ప్రమాదంలో మరణించారన్న వార్త బ్రిటిష్ వార్తాసంస్థల ద్వారా ప్రపంచమంతటా వెలువడి, గాంధీజీ బోస్ తల్లికి సంతాప సందేశం పంపేదాకా వెళ్లింది. కొద్దిరోజులకే బోస్ జర్మనీ నుంచి ఆజాద్ హింద్ రేడియోలో స్వయంగా మాట్లాడి తాను బతికే ఉన్నానని ప్రకటించారు. ఒక్క తప్పు వార్త, అదీ సులభంగా తేలిపోయే వార్త, అధికార వార్తలన్నింటి మీదా సందేహం కలిగించింది. ఆ ఏడాదే వదంతులను ఎదుర్కొని జనంలో ధైర్యం నిలపడానికి ప్రభుత్వం నేషనల్ వార్ ఫ్రంట్ అనే సంస్థను నెలకొల్పింది గాని, ఏప్రిల్‌లో క్రిప్స్ రాయబారం విఫలమై, ఆగస్టులో క్విట్ ఇండియా నాయకులు జైళ్లపాలయ్యాక, ప్రభుత్వం చెప్పిన మాట నిజమైనా నమ్మే స్థితి చాలామందిలో లేదు.

విశ్వసనీయత ప్రభావాన్ని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ హోవ్‌లాండ్, వాల్టర్ వైస్ 1951లో ఒక ప్రయోగంలో కొలిచారు. అణుశక్తితో నడిచే జలాంతర్గామి సాధ్యమన్న ఒకే వ్యాసాన్ని కొందరికి అమెరికా అణుశాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ పేరుతో, మరికొందరికి సోవియట్ పత్రిక ప్రావ్దా పేరుతో ఇచ్చినప్పుడు, మొదటివారి అభిప్రాయాలే ఎక్కువగా మారాయి. నాలుగు వారాల తర్వాత మళ్లీ అడిగితే ఆ తేడా మాయమైంది. వ్యాసంలోని విషయం గుర్తుంది, అది ఎవరు చెప్పారన్నది మాత్రం దాని నుంచి విడిపోయింది. నమ్మదగని మూలం నుంచి వచ్చిన మాట కాలక్రమంలో మూలాన్ని పోగొట్టుకొని బలపడే ఈ ధర్మాన్ని సుప్త ప్రభావం అనవచ్చు. శత్రు రేడియోలో విన్నదని ఈరోజు కొట్టిపారేసిన మాట, వచ్చే నెలలో ఎక్కడో విన్న మాటగా, ఆపైన అందరూ అంటున్న మాటగా తిరిగిరావడానికి కారణం ఇదే.

నమ్మకం ఊరి మనుషుల ద్వారా ప్రవహించే తీరును పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940 నాటి అమెరికా ఎన్నికల సందర్భంలో అధ్యయనం చేసింది. పత్రిక, రేడియో చెప్పింది నేరుగా జనంలోకి వెళ్లదు. ముందు దాన్ని కొందరు అభిప్రాయ నాయకులు వింటారు, వారు తమ మాటల్లో తమవారికి చెబుతారు. ఈ రెండంచెల ప్రవాహంలో మొదటి అంచెలో నిలిచినవారు నాటి ఆంధ్ర గ్రామాల్లో కరణం, మునసబు, బడిపంతులు, పట్నం వెళ్లివచ్చే వర్తకుడు. ప్రచారకర్త గెలవవలసింది ఊరినంతా కాదు, ఊరు ఎవరి మాట వింటుందో ఆ నలుగురిని.

ఈ రహస్యాన్ని తెలుగునాట అందరికంటే బాగా గ్రహించింది ప్రజానాట్యమండలి. 1941 జూన్‌లో సోవియట్ యూనియన్‌పై జర్మనీ దాడి చేశాక కమ్యూనిస్టు పార్టీ ఈ పోరును ప్రజాయుద్ధంగా పేర్కొని, ఫాసిజానికి వ్యతిరేకంగా జనాన్ని కూడగట్టడానికి పల్లె కళారూపాలను చేపట్టింది. 1943లో రూపుదిద్దుకున్న మండలి బుర్రకథకు కొత్త ఊపిరి పోసింది. సుంకర సత్యనారాయణ రచనలు, షేక్ నాజర్ గళం ఆ రూపాన్ని వేలాది జనం కూర్చొని వినే సాధనంగా మార్చాయి. తంబూర మీటుతూ కథ నడిపే కథకుడు, ఒక పక్క హాస్యం పలికే వంత, మరోపక్క వర్తమాన రాజకీయం పలికే వంత అనే ముగ్గురి నిర్మాణం ఒప్పించే కళగా చూస్తే చాలా సమర్థమైనది. వీరగాథ శ్రోతను ఉద్వేగంలో నిలుపుతుంది, హాస్యం ఎదురు వాదన చేయాలన్న పట్టును సడలిస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో రాజకీయ వ్యాఖ్య వచ్చి చేరుతుంది. తందాన తాన అంటూ వచ్చే వంతపాట అందరూ ఏకీభవిస్తున్నారన్న భావన కలిగిస్తుంది. ఈ శక్తి ఎంతటిదో పాలకులకు తెలియకపోలేదు. మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. తర్వాతి దశాబ్దాల్లో శ్రీకాకుళ ఉద్యమకాలంలో సుబ్బారావు పాణిగ్రాహి ఉత్తరాంధ్ర జముకుల కథను అదే విధంగా ఉపయోగించారు. ప్రచారం అన్న పేరు వినగానే అది చెడ్డదేనని తీర్పు చెప్పలేమనడానికి కూడా ఇవి నిదర్శనాలు. సాధనాలు ఒకటే, లక్ష్యాన్నిబట్టి, నిజాయితీనిబట్టి వాటి విలువ మారుతుంది.

పేరు పెట్టడం, పదేపదే చెప్పడం

1937లో న్యూయార్క్‌లో ఏర్పడిన ప్రచార విశ్లేషణ సంస్థ, ఒప్పించే పద్ధతులను ఏడుగా వర్గీకరించింది. ఎదుటివారికి నిందాపూర్వకమైన పేరు పెట్టడం, తమ పక్షానికి ఎవరూ కాదనలేని గొప్ప మాటలు తొడగడం, గౌరవం పొందిన వస్తువు పవిత్రతను తమ లక్ష్యానికి బదలాయించడం, ప్రముఖుల చేత చెప్పించడం, మేమూ మీలాంటివాళ్లమేననడం, అనుకూలమైన వాస్తవాలనే ఏరి పేర్చడం, అందరూ ఇటే వస్తున్నారనడం అనేవి ఆ ఏడు. ఆ జాబితా పుట్టకముందే వీటిలో కొన్ని విశాఖ మన్యంలో కనిపించాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజు, తీసుకున్న ఆయుధాల లెక్కను స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేసి వెళ్లడం, ముందే మిరపకాయ టపా పంపి దాడి కబురు చెప్పడం జనశ్రుతిలో నిలిచాయి. దొంగచాటుగా వచ్చినవాడు కాదు, హక్కుతో వచ్చినవాడు అన్న సందేశాన్ని ఆ చర్యలే అందించాయి. ప్రభుత్వం ఆ పోరును పితూరీ అనీ, అందులో పాల్గొన్నవారిని బందిపోట్లనీ పిలిచింది. పేరు స్థిరపడితే వాదనతో పనిలేదు. బందిపోటు కోరికలు న్యాయమైనవా అని ఎవరూ అడగరు. ముఠాదారుల హక్కులు, అటవీ చట్టాలు, రోడ్డు పనుల్లో కూలి ఎగవేత వంటి అసలు కారణాలు ఆ పేరు వెనుక మరుగునపడతాయి. 1924 మే 7న రాజును కాల్చిచంపిన తర్వాత కూడా ఆయన చనిపోలేదన్న నమ్మకం మన్యంలో చాలాకాలం నిలిచిందంటే, జనం పెట్టుకున్న పేరు ప్రభుత్వం పెట్టిన పేరును ఓడించిందని అర్థం.

ఒకే మాటను పదేపదే వినిపించడం వెనుక ఉన్న మానసిక ధర్మాన్ని లిన్ హాషర్ బృందం 1977లో నిరూపించింది. కొన్ని వాక్యాలను కొన్ని వారాల వ్యవధితో మళ్లీ మళ్లీ వినిపించి, నిజమో కాదో చెప్పమంటే, కొత్తవాటికంటే ముందు విన్నవాటినే ఎక్కువమంది నిజమని భావించారు. పరిచితమైన మాటను అర్థం చేసుకోవడానికి మెదడుకు శ్రమ తక్కువ, ఆ సులువునే మనసు సత్యానికి గుర్తుగా పొరబడుతుంది. భ్రాంతి సత్య ప్రభావం అనదగిన ఈ లోపం చదువుతో పోదు. సరైన సమాధానం తెలిసినవారు కూడా పదేపదే విన్న అబద్ధం వైపు మొగ్గుతారని 2015లో లిసా ఫాజియో బృందం చూపింది.

అయితే అబద్ధం ప్రచారకర్తకు ఖరీదైన సరుకు. జర్మన్లు తమ సైనికుల శవాల నుంచి కొవ్వు తీసే కర్మాగారం నడుపుతున్నారన్న కథ 1917లో బ్రిటిష్ పత్రికల్లో విస్తృతంగా ప్రచారమై, 1925లో దానికి ఆధారం లేదని బ్రిటన్ ప్రభుత్వమే పార్లమెంటులో అంగీకరించవలసివచ్చింది. దాని ఫలితం రెండో ప్రపంచ యుద్ధంలో కనిపించింది. నాజీల మారణకాండ గురించి నిజమైన వార్తలు వచ్చినప్పుడు, ఇవీ పాత కథల వంటివేనని చాలామంది అనుమానించారు. పాత అబద్ధం కొత్త నిజాన్ని నమ్మనివ్వలేదు.

ఘాజీ నుంచి కరాచీ దాకా

పూర్తి అబద్ధంకంటే నిజానికి ఆనుకొని ఉన్న అబద్ధం ఎంత బలమైనదో 1971 యుద్ధం చూపుతుంది. భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వస్తున్నదని గ్రహించిన తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నదన్న భ్రమ కల్పించారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపింది, పెద్ద నౌకకు సరిపడే సరుకులకు ఊళ్లో ఆర్డర్లు ఇచ్చారు, నావికుడు ఒకరు జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతున్నట్టు ఒక మామూలు టెలిగ్రాం కూడా పంపించారు. శత్రువుకు నేరుగా ఏమీ చెప్పలేదు, చాటుగా వినేలా చేశారు. తనను ఒప్పించడానికి చెప్పిన మాటకంటే, తన కోసం కాదనుకొని పొరపాటున విన్న మాటను మనిషి తేలికగా నమ్ముతాడని వాల్‌స్టర్, ఫెస్టింగర్ 1962లో ప్రయోగం ద్వారా చూపిన ధర్మమే ఇక్కడ పనిచేసింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ రేవు సమీపంలో మునిగిపోయింది.

మునక కారణంపై రెండు దేశాల కథనాలు ఇప్పటికీ కలవవు. రాజ్‌పుత్ వదిలిన లోతు బాంబుల వల్లనని భారత్ చెబితే, లోపలి పేలుడు గాని, అది స్వయంగా అమర్చిన మందుపాతరలు గాని కారణమని పాకిస్తాన్ చెబుతుంది. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ఘాజీ చలనచిత్రంలో ఒక భారత జలాంతర్గామి సుదీర్ఘ పోరాటం చేసి ఘాజీని ముంచుతుంది. అది అధికారిక భారత కథనం కూడా కాదు. అయినా కథలో లీనమైనవారు అది వాస్తవమా కల్పనా అన్న చీటీతో నిమిత్తం లేకుండా కథలోని నమ్మకాలను స్వీకరిస్తారని మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ 2000లో చూపారు. విశాఖ బీచ్ రోడ్డులోని విజయస్మారకం, జలాంతర్గామి ప్రదర్శనశాల, ఈ చిత్రం మూడూ చూసిన యువకుడి జ్ఞాపకంలో ఏది దేని నుంచి వచ్చిందో విడదీయడం కష్టం.

ఆ జ్ఞాపకాల ప్రభావం 2025 మేలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఘర్షణ జరిగినప్పుడు బయటపడింది. మే 7న దేశవ్యాప్తంగా జరిగిన పౌర రక్షణ విన్యాసాల్లో విశాఖపట్నం కూడా పాల్గొన్నది. ఆ రోజుల్లోనే వీడియో ఆటల దృశ్యాలు, ఇతర దేశాల పాత పేలుళ్ల దృశ్యాలు యుద్ధ దృశ్యాలుగా చెలామణి అయ్యాయి, వాటిలో అనేకం తప్పని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ విభాగం ప్రకటించింది. కరాచీ రేవును భారత నౌకాదళం ధ్వంసం చేసిందని కొన్ని భారతీయ టీవీ చానళ్లు ప్రసారం చేసిన వార్త కూడా నిజం కాదు. అది అంత తేలిగ్గా నమ్మకం పొందడానికి కారణం, 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీపై భారత క్షిపణి నౌకలు దాడి చేసిన మాట అక్షరాలా నిజం కావడమే. ఏటా నౌకాదళ దినోత్సవంగా జరుపుకునే ఆ నిజం మనసులో సిద్ధంగా ఉంది గనుక, అదే అచ్చులో పోసిన అబద్ధం పరిచితంగా తోచింది. ఇక్కడ జనాన్ని మోసగించింది అజ్ఞానం కాదు, చరిత్ర తెలిసి ఉండడమే.

ప్రచారానికి హద్దులు, నివారణ

ప్రచారం సర్వశక్తిమంతం కాదు. జర్మన్ సైన్యాన్ని పరిశీలించిన షిల్స్, జానోవిట్జ్ 1948లో, మిత్రరాజ్యాలు విమానాల నుంచి జారవిడిచిన సిద్ధాంత కరపత్రాలు సైనికులను పెద్దగా కదిలించలేదనీ, పక్కనున్న తోటి సైనికులతో బంధం నిలిచినంతకాలం వారు పోరాడారనీ తేల్చారు. లొంగిపోతే ప్రాణహాని ఉండదని హామీ ఇస్తూ ఎలా లొంగిపోవాలో చెప్పిన కరపత్రం మాత్రం బాగా పనిచేసింది. మనిషి అప్పటికే చేయాలనుకుంటున్న పనికి దారి చూపే మాటే ఫలిస్తుంది, లేని కోరికను మాట పుట్టించలేదు.

నివారణకు కూడా శాస్త్రం కొన్ని మార్గాలు చూపింది. 1945లో, జర్మనీ ఓడినా జపాన్‌తో యుద్ధం ఇంకా చాలాకాలం సాగుతుందని అమెరికా సైనికులను ఒప్పించడానికి హోవ్‌లాండ్ బృందం రెండు రకాల ప్రసంగాలు వినిపించింది. ఎదురు వాదనను కూడా ప్రస్తావించిన ప్రసంగం చదువుకున్నవారిపైనా, ముందు నుంచి వ్యతిరేకించినవారిపైనా ఎక్కువ పనిచేసింది. దీని కొనసాగింపుగా విలియం మెగ్వైర్ 1960లలో టీకా సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. బలహీనమైన రూపంలో ఎదురు వాదనను ముందే చూపి, దానిలోని మెలిక విప్పిచెబితే, అసలు దాడి వచ్చినప్పుడు మనసు తట్టుకుంటుందని దాని సారాంశం. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2018లో రూపొందించిన ఒక ఆటలో ఆడేవారే తప్పుడు వార్తల కర్తలై, ఆ ఉపాయాలను చేసి చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

ఈ పరిశోధనలన్నీ ప్రభుత్వాలకు ఒక బాధ్యతను, పౌరులకు ఒక బాధ్యతను చెబుతున్నాయి. ఓటమినైనా దాచకుండా చెప్పడం ద్వారానే రెండో ప్రపంచ యుద్ధంలో బీబీసీ శత్రుదేశాల్లో కూడా శ్రోతలను సంపాదించుకున్నదన్న చరిత్ర ప్రభుత్వాలకు పాఠం. సైనిక రహస్యాలను కాపాడుకుంటూనే, ఎక్కడ ఏం జరిగిందో, జనం ఏం చేయాలో ఆ పూటే చెప్పగలిగిన పాలనకు పుకార్లతో పోరాడవలసిన అవసరం తక్కువ. ఇక చేతిలోని ఫోను ద్వారా ఒక్క వేలి కదలికతో వందమందికి వార్త పంపగల నేటి చోడవరం పౌరుడు, 1942లో అనకాపల్లి స్టేషనులో దిగిన ప్రయాణికుడికంటే ఎన్నో రెట్లు శక్తిమంతుడైన వార్తాహరుడు. ఆ వార్తను మొదట చెప్పింది ఎవరు, అది ఏ భయానికో ఏ ఆశకో సమర్థనగా వచ్చిందా, పొరుగువాడి మీద కోపం పెంచుతున్నదా అని పంపేముందు తనను తాను అడగడం అతని వంతు. వార్త శత్రువు గురించైనప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవడం సులువు. మనకు ఇష్టమైన గెలుపు గురించైనప్పుడు కూడా అంతే పట్టుదలతో వేసుకోగలిగినవారినే ప్రచారం లోబరచుకోలేదు.